మన ఫొటో పత్రిక మళ్లీ వస్తోంది: కొత్త రూపం మీద మీ మాటేంటి?

కూర్పరి:
అందరికీ నమస్కారం. ఆగిపోయిన మన ఫొటోగ్రఫీ పత్రిక తిరిగి వస్తోందన్న కబురు చాలామందికి చేరే ఉంటుంది. నమూనా పేజీల పీడీఎఫ్ జత చేశాను. పేజీలు కూర్చింది నేనే కాబట్టి మెచ్చుకోలైనా తిట్లైనా నాకే చెందుతాయి, సంపాదకుణ్ని వెతకనక్కర్లేదు.

మారినవి ఇవీ. నెలకోసారి వచ్చేది ఇక మూడు నెలలకోసారి. సైజు పెరిగి 230 × 300 మి.మీ. అయింది. మధ్యలో పిన్నులు పోయి చదరపు వీపు వచ్చింది. వ్యాసాలు పూత లేని మ్యాప్‌లిథో కాగితం మీద, ఫొటోలు పూత ఉన్న మ్యాట్ ఆర్ట్ పేపర్ మీద. సంచికకో అంశం, మొదటిది ‘పనిచేసే చేతులు’. కెమెరాల, లెన్సుల పరీక్షలు అచ్చులో ఉండవు. లోగో కొత్తది. పాఠకుల ఫొటోల పేజీ ఉంచాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

ధర, చందా మాటలకు వేరే థ్రెడ్ ఉంది, ఇక్కడ వద్దు.

లెన్స్‌పిచ్చి:
కూర్పరి అన్నా, పేజీలు కంటికి బాగున్నాయి, కాదనను. కానీ పరీక్షలు తీసేయడమేంటి? ఆ పత్రికను నేను వెనక నుంచి ముందుకు చదివేవాణ్ని. లెన్స్ పూర్తిగా తెరిస్తే మూలలు ఎంత మెత్తబడతాయి, ఎదురువెలుగులో కాంట్రాస్ట్ ఎంత పడిపోతుంది, ఫోకస్ రింగ్ తిప్పుతుంటే చేతికి ఎలా ఉంటుంది... ఇవన్నీ ఓపిగ్గా తెలుగులో రాసేవాళ్లు. ఇప్పుడు పెట్టె విప్పడం వీడియో తీసి దాన్నే పరీక్ష అంటున్నారు.

నల్లతెలుపు:
నాకైతే అదే శుభవార్త. పాత సంచికలు తిరగేయండి, ఫొటోల కంటే ఫొటోలు తీసే డబ్బాల బొమ్మలే ఎక్కువ.

వెలుతురువేట:
లెన్స్‌పిచ్చి గారూ, మూడు నెలలకోసారి వచ్చే పత్రికలో పరీక్ష ఎలా నిలుస్తుంది చెప్పండి? రాసిన రోజుకీ చేతికొచ్చిన రోజుకీ మధ్య ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) మారిపోతుంది. ఆటోఫోకస్ తడబడుతోందని అచ్చు వేశాక అప్‌డేట్‌తో అది సర్దుకుంటే, ఆ వాక్యాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారు? నెట్‌లో అయితే కింద ఒక లైను చేర్చి ఊరుకోవచ్చు. పైగా వంద శాతం క్రాప్, అంటే ఫొటోలో ఒక ముక్కని పూర్తి సైజులో చూపేది, తెర మీద చూసుకోవాల్సిన సరుకు. అచ్చు చుక్కల్లో ఆ పదును ఏం తెలుస్తుంది?

పాతసంచికలు:
పరీక్షలు పత్రికల్ని పోషించిన కాలం ఒకటుంది. ఎడమ పేజీలో పరీక్ష, కుడి పేజీలో అదే కంపెనీ ప్రకటన. ఆ కాలం ఎందుకు పోయిందో అంకెల్లో చూస్తే నోరు మూతపడుతుంది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీఐపీఏ లెక్కల ప్రకారం 2010లో ఫ్యాక్టరీల నుంచి బయటికెళ్లిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైమాటే. 2023లో 80 లక్షల లోపు. పోయినవాటిలో అత్యధికం జేబు కెమెరాలు. వాటి పని ఫోన్లు లాక్కున్నాయి. కెమెరాలే అమ్ముడు కానప్పుడు ప్రకటనలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

వరస చూడండి. అమెరికాలో 1937లో పుట్టిన పాప్యులర్ ఫొటోగ్రఫీ 2017లో అచ్చు ఆపేసింది. 2021 చివర్లో వెబ్‌సైట్‌గా మాత్రం లేచింది. జపాన్‌లో 1926 నుంచి వస్తున్న అసాహి కెమెరా 2020లో ఆగిపోయింది. పోనీ నెట్‌లో ఉంటే సుఖమా అంటే అదీ కాదు. 1998లో మొదలైన కెమెరా పరీక్షల వెబ్‌సైట్ డీపీరివ్యూని మూసేస్తున్నామని 2023 మార్చిలో ప్రకటించారు. ఆ ఏడాదే వేరేవాళ్లు కొనుక్కోబట్టి బతికింది.

తిరిగొచ్చి నిలబడాలనుకున్నవాళ్లు ఏం చేశారన్నది ఇక్కడ మనకి పనికొచ్చే సంగతి. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫొటోగ్రఫీ 1854 నుంచి ఉంది, శతాబ్దంన్నర దాదాపు వారపత్రికగానే నడిచింది. 2010లో మాసపత్రికయింది, వార్తల్ని నెట్‌కి వదిలేసి ఫొటోలకి పేజీలిచ్చింది. స్విట్జర్లాండ్‌లో 1922లో మొదలైన కెమెరా పత్రిక 1981లో ఆగి, 2013లో పారిస్ నుంచి త్రైమాసికంగా వచ్చింది. అమెరికాలోని అపెర్చర్ పత్రిక 1952 నాటిది, ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, డొరొతియా లాంగ్, మైనర్ వైట్ లాంటివాళ్లు కలిసి పెట్టారు. అది కూడా 2013లో 210వ సంచికతో సైజు పెంచి, సంచికకో అంశం పెట్టుకుని, మాటలకో భాగం, బొమ్మలకో భాగం చేసుకుంది. మన కూర్పరి గారి రెండు కాగితాల ఆలోచన ఎక్కడిదో కొంచెం వాసన వస్తోంది, తప్పేం లేదు.

కూర్పరి:
పాతసంచికలు గారి ముక్కుకి దండం. అవును, ఆ అపెర్చర్‌ని బల్ల మీద పెట్టుకునే పని చేశాను.

లెన్స్‌పిచ్చి గారూ, పరీక్షలు రాసేవాళ్లు ఎక్కడికీ పోలేదు. వెబ్‌సైట్‌లో వస్తాయి, తేదీ వేసి, మార్పులు కింద చేర్చుకుంటూ. అచ్చులో మాత్రం ఒక పనిముట్టు గురించి ఒక పెద్ద వ్యాసం ఉంటుంది. కొత్తదే కానక్కర్లేదు. మొదటి సంచికలో లైట్ మీటర్ గురించి వేస్తున్నాం, ఎదుట ఉన్నది మధ్యస్థ బూడిదరంగే అనుకునే దాని లెక్క చేతుల రంగుని ఎలా దెబ్బతీస్తుందో అన్న కోణంలో.

లెన్స్‌పిచ్చి:
లైట్ మీటరా! సరే, కొంచెం చల్లబడ్డాను. పూర్తిగా కాదు.

అచ్చుగది:
ఆలస్యంగా వచ్చాను. పీడీఎఫ్ చూశాను. ముందుగా ఒక మాట: పీడీఎఫ్ చూసి ‘బాగుంది’ అన్నవాళ్లెవరూ ఇంకా పత్రికను చూడలేదు. తెర వెనక నుంచి వెలుగుతుంది, కాగితం పక్కనున్న వెలుతురుని తిప్పికొడుతుంది. 11వ పేజీలో ఆ చీకటి గదిలోని మగ్గం ఫొటో నా మానిటర్ మీద అద్భుతం. అచ్చులో ఆ నేత మనిషి కుడిచెయ్యి మాయమైపోతుంది, నాది పూచీ.

కారణం ఇదీ. మ్యాప్‌లిథోకి పూత ఉండదు, సిరాని పీల్చుకుంటుంది. చుక్క పడ్డచోట పడ్డట్టు ఉండక చుట్టూ పాకుతుంది. యాభై శాతం బూడిదరంగు వెయ్యమంటే డెబ్బైకి దగ్గరగా కనిపించవచ్చు. అంటే మధ్య ఛాయలన్నీ కిందకి జారి చీకట్లో కలుస్తాయి. ఇటు నలుపు కూడా గట్టి నలుపు కాదు. ఆర్ట్ పేపర్ మీద నలుపు సాంద్రత (ఎంత గాఢమో చెప్పే అంకె) 1.8 దాకా తేవచ్చు, మ్యాప్‌లిథో మీద 1.2 దాటించడమే కష్టం. అంచేత పైన తెలుపు తగ్గింది, కింద నలుపు తగ్గింది, మధ్యలోది బురదయింది.

మొత్తం సిరా లెక్క కూడా ఉంది. నాలుగు రంగులూ నిండుగా వేస్తే 400 శాతం. ఏ కాగితమూ అంత తాగదు. ఆర్ట్ పేపర్ 300 నుంచి 330 దాకా ఓర్చుకుంటుంది, న్యూస్‌ప్రింట్‌కైతే 240 దగ్గరే ఆపాలి. మించితే షీట్లు ఆరవు, వెనక పేజీకి అంటుకుంటాయి. ఫొటోగ్రాఫర్లు పంపే ఫైళ్లని ఒకే ప్రొఫైల్‌తో (కాగితానికీ సిరాకీ తగ్గట్టు రంగులు మార్చే లెక్క) సీఎంవైకే, అంటే అచ్చు సిరాల నాలుగు రంగుల్లోకి మార్చి రెండు కాగితాల మీదా వేస్తామంటే కుదరదు. ఏ కాగితానికి ఆ ప్రొఫైల్, ఏ కాగితానికి ఆ ప్రూఫ్ (నమూనా అచ్చు). కూర్పరి గారూ, ఈ పని ఎవరు చేస్తున్నారు?

కూర్పరి:
ఫొటోలన్నీ ఆర్‌జీబీలోనే, అంటే తెర రంగుల్లోనే తీసుకుంటున్నాం, ఏ పేజీలోకి వెళ్తుందో తేలాకే మారుస్తాం. ఆ మగ్గం ఫొటో వ్యాసం పక్కన, మ్యాప్‌లిథో మీద ఉందన్నది నిజం. దాన్ని ఫొటోల భాగంలోకి తెస్తే అక్కడి వరస చెడుతుంది. అదే గొడవ.

అచ్చుగది:
వరస చెడితే ఇంకో వరస దొరుకుతుంది. చెయ్యి పోతే దొరకదు. అంశమే ‘పనిచేసే చేతులు’ అయ్యె!

నల్లతెలుపు:
అచ్చుగది గారూ, నలుపు-తెలుపు ఫొటోల సంగతి కూడా చెప్పండి. పాత పత్రికలో నా ఫొటో ఒకటి పడింది. నేను పంపింది శుద్ధమైన బూడిదరంగు, అచ్చులో ఒక కాపీలో ఆకుపచ్చగా, ఇంకో కాపీలో గులాబీగా వచ్చింది. స్నేహితుడి కాపీ, నా కాపీ పక్కపక్కన పెట్టుకుని నవ్వుకున్నాం.

అచ్చుగది:
నాలుగు రంగుల్లో బూడిదరంగు కట్టారు. సయాన్, మెజెంటా, పసుపు మూడూ సమతూకంలో ఉంటేనే అది బూడిద. మిషన్ నడుస్తుండగా ఏ సిరా కాస్త అటూఇటూ అయినా రంగు ఛాయ పడుతుంది. మందు డ్యుయోటోన్: నలుపు ప్లేటు ఒకటి, పక్కన బూడిదరంగు సిరాతో ఇంకో ప్లేటు. రెండే సిరాలు, కాబట్టి రంగు తిరగదు. పైగా ఒక్క నలుపుతో పట్టలేని మధ్య ఛాయల్ని ఆ రెండోది పట్టుకుంటుంది. నలుపు-తెలుపు ఫొటోలన్నిటినీ ఒకే ఫారంలో (ఒకే షీటు మీద అచ్చేసి మడిచే పేజీల కట్ట) పడేలా కూర్చుకుంటే అదనపు భారం కూడా ఆ ఒక్క ఫారానికే.

నల్లతెలుపు:
అంటే ఫారాన్ని బట్టి ఫొటోల వరస. పేజీలు కూర్చేవాడి తల మీద ఎన్ని కట్లో!

పాతసంచికలు:
ఇంతకంటే మొండివాళ్లు ఉన్నారండీ. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1903లో కెమెరా వర్క్ పత్రిక మొదలెట్టి 1917 దాకా 50 సంచికలు తెచ్చాడు. అందులో చాలా బొమ్మలు ఫొటోగ్రావ్యూర్లు (ఫొటోని రాగి రేకులోకి చెక్కి తీసే అచ్చులు), పల్చటి జపాన్ కాగితం మీద అచ్చేసి, ఒక్కోటీ చేత్తో పేజీకి అతికించేవారు. వెయ్యి దాకా ఉన్న చందాదారులు చివరికి నలభైమంది కూడా మిగల్లేదు. నాణ్యత ఉంటే చాలు పాఠకులు వాళ్లే వస్తారనేవాళ్లకి ఈ లెక్క చూపిస్తుంటాను.

మరోవైపు అమెరికాలో ఫొటోలకి పేరుపడ్డ లైఫ్ వారపత్రిక 1972 డిసెంబర్‌లో ఆగేనాటికి చందాదారులు లక్షల్లో ఉన్నారు. ప్రకటనలు టీవీకి పోయాయి, తపాలా ఖర్చు పెరిగింది, అంతే. పాఠకులు లేక ఒకటి, పాఠకులుండీ ఒకటి.

వెలుతురువేట:
నాకో సందేహం. 14, 15 పేజీల్లో ఎడమ పేజీ మొత్తం ఖాళీ, కుడివైపు అరచేతిలో పట్టేంత ఫొటో. సైజు పెంచింది ఇందుకా? అంత చిన్న ఫొటో నా ఫోన్‌లోనే చూసుకోవచ్చు కదా.

నల్లతెలుపు:
ఫోన్‌లో చూడలేవు తమ్ముడూ. ఫోన్‌లో ఎదురు పేజీ ఉండదు. పైకి తోస్తే ముందరిది పోయి వెనకది వస్తుంది, రెండూ ఒకదాన్నొకటి చూసుకోవు. 12, 13 పేజీల్లో చేతులు రెండు పేజీలూ నింపేసి మీద పడ్డాయి చూడు, కమ్మరివాడి కొలిమి. ఆ వేడి తర్వాత ఖాళీ, ఆ తర్వాత ఊలు అల్లుతున్న చిన్న ఫొటో. ఆ ఖాళీ లేకపోతే చిన్న ఫొటో దగ్గర ఎవరూ ఆగరు.

పాతసంచికలు:
అలెక్సీ బ్రోడోవిచ్ సరిగ్గా ఈ పనికే పేరు పడ్డాడు. 1934 నుంచి 1958 దాకా అమెరికా ఫ్యాషన్ పత్రిక హార్పర్స్ బజార్‌కి ఆర్ట్ డైరెక్టర్. సంచికలోని పేజీల్ని నేల మీద వరసగా పరిచి మొత్తం నడక చూసుకునేవాడు. ఆయన కూర్చిన పోర్ట్‌ఫోలియో పత్రిక ప్రకటనలు లేకుండా 1950, 51లలో మూడంటే మూడు సంచికలొచ్చి ఆగిపోయింది. డిజైన్ చదువుకునేవాళ్లు ఇప్పటికీ దాన్ని తిరగేస్తున్నారు.

వెలుతురువేట:
మూడు సంచికలే? మన కూర్పరి గారికి శుభాకాంక్షలు 🙂

అక్షరాలపాప:
అందరూ ఫొటోల గురించే మాట్లాడుతున్నారు, అక్షరాల గోడు వినేవాళ్లు లేరు. కూర్పరి గారూ, వ్యాసాల్లో అక్షరం 9 పాయింట్లు, లైనుకీ లైనుకీ 11 పెట్టారు. ఆ లెక్క ఇంగ్లిషు పేజీ నుంచి తెచ్చుకున్నట్టుంది. తెలుగుకి చాలదు. పై లైనులో ‘వస్త్రం’ ఒత్తులు కిందికి దిగుతాయి, కింది లైనులో ‘కీ’ గుడిదీర్ఘం పైకి లేస్తుంది, రెండూ ఢీకొంటాయి. 6వ పేజీ రెండో పేరా చూడండి, ‘రాష్ట్రీయ’ దగ్గర నల్లటి మరక కనిపిస్తుంది. 10 మీద 15 అయినా కావాలి.

శీర్షికలకి రామభద్ర ఫాంటు బాగుంది, లావు అక్షరం కదా, దూరం నుంచి పిలుస్తుంది. పాఠానికి మండలి కూడా సరే. ఫొటో మీద తెల్లక్షరాలు మాత్రం వద్దు, దండం పెడతాను. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా సన్నటి తెల్లగీతలోకి రంగు చేరిపోతుంది. ‘క్ష’, ‘ణ’ లాంటివాటి లోపలి ఖాళీలు ముందు పూడుకుపోతాయి.

అచ్చుగది:
ఈ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. తెల్లక్షరాలు తప్పదనుకుంటే వెనక ఒక్క నలుపు ప్లేటే ఉండేలా చూసుకోండి.

కూర్పరి:
లైన్ల ఎడం పెంచితే వ్యాసాలు రెండు పేజీలు పొడుగవుతాయి. సంపాదకుడితో మాట్లాడి మాటలు కోయించాలి. కోయిస్తాను. ఫొటో మీద అక్షరాలు తీసేశాను, అట్ట మీద తప్ప.

లెన్స్‌పిచ్చి:
లోగో గురించి ఎవరూ అనట్లేదేంటి? పాతదే ముద్దుగా ఉండేది, లెన్స్‌లో వెలుతురు దారిని పెంచి తగ్గించే ఆ ఎపర్చర్ రేకుల బొమ్మతో.

అక్షరాలపాప:
ఫొటోగ్రఫీకి సంబంధించిన లోగోల్లో సగం ఎపర్చర్ రేకులే అండీ. పోనివ్వండి.

పాతసంచికలు:
లోగో మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ల కోసం ఒక ముచ్చట: 1937 ఏప్రిల్ 26 లైఫ్ అట్ట మీద తెల్లకోడిపుంజు ఫొటో, ఎర్ర పెట్టెలోని లోగో లేనే లేదు. బొమ్మ చెడిపోతుందని వదిలేశారు. ఆ ధైర్యం ఒక్కసారే చేశారనుకోండి.

రిపోర్టరుబ్యాగు:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇక వల్లకాదు. ఫొటోల భాగంలో ఒక్క క్యాప్షనూ లేదు. అన్నీ చివరి పేజీలో, అంగుళం బొమ్మల పక్కన, చీమతలకాయంత అక్షరాల్లో. ఇది ఆర్ట్ గ్యాలరీ అలవాటు. పత్రికకి ఎందుకు?

18వ పేజీలో ఒక చెయ్యి, దానికి మూడే వేళ్లు. ఎవరిదా చెయ్యి? రంపం మిషన్ దగ్గర పోయాయా, పుట్టుకతోనా? క్యాప్షన్ కోసం చివరికి వెళ్తే ‘పేరు లేదు, డిజిటల్ ప్రింట్’ అని ఉంది. ఆ మనిషికి పేరు లేదా, ఫొటోకి పేరు లేదా? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుండగా... ఈ నాలుగూ లేకుండా చేతుల ఫొటో వేస్తే చెయ్యి మిగులుతుంది, మనిషి పోతాడు.

నల్లతెలుపు:
రిపోర్టరు గారూ, పక్కనే క్యాప్షన్ ఉంటే కన్ను ముందు దాని మీదికే పోతుంది. చదివేసి, ‘ఓహో అదా’ అనుకుని పేజీ తిప్పేస్తారు. ముందు చూడనివ్వండి, తర్వాత తెలుసుకుంటారు.

రిపోర్టరుబ్యాగు:
తెలుసుకోరు. చివరి పేజీ దాకా వెళ్లి బొమ్మల్ని పోల్చుకుని వెనక్కొచ్చే పాఠకుణ్ని నేనింతవరకూ చూడలేదు. 

డిజైన్ ముందు, నిజం తర్వాత అనుకుంటే ఎక్కడికి పోతుందో నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి అట్టని అడగండి. ఫొటోగ్రాఫర్ గీజా పిరమిడ్లని అడ్డంగా తీశాడు. అట్ట నిలువు. అందులో పట్టించడానికి కంప్యూటర్‌తో ఒక పిరమిడ్‌ని ఇంకోదాని దగ్గరికి జరిపారు. ఎవరినో మోసం చేద్దామని కాదు, పేజీ ఆకారానికి సరిపోలేదని. ఆ ఒక్క అట్ట గురించి ఫొటో జర్నలిజం తరగతుల్లో ఇప్పటికీ చెబుతున్నారు. మన పత్రిక మొదటి పేజీలో ఒక నియమావళి అచ్చెయ్యండి: ఫొటోగ్రాఫర్ని అడక్కుండా కత్తిరించం, వస్తువుల్ని జరపం, తీసెయ్యం, ఏఐతో పుట్టించిన బొమ్మని ఫొటో అనం.

వెలుతురువేట:
ఏఐ మాట ఎత్తారు కాబట్టి: నాయిస్ (ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) తగ్గించే సాఫ్ట్‌వేర్లన్నీ ఇప్పుడు ఏఐవే. అవీ నిషేధమా?

రిపోర్టరుబ్యాగు:
కెమెరా ముందు ఉన్నదాన్ని శుభ్రంగా చూపించడం వేరు, లేనిదాన్ని తెచ్చిపెట్టడం వేరు. గీత ఎక్కడ గీయాలన్నది సంపాదకుడి పని. గీయకపోవడం మాత్రం ఒప్పుకోను.

కూర్పరి:
క్యాప్షన్ల దగ్గర మధ్యేమార్గం ఒకటి తోస్తోంది. పేజీ అడుగున, ఫొటోకి దూరంగా, ఒక్క లైను: మనిషి పేరు, పని, చోటు, ఏడాది. మిగతా కథ చివర. నల్లతెలుపు గారికి ఇది నచ్చదని తెలుసు.

18వ పేజీ ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాను. ఆ చెయ్యి వడ్రంగిది, పేరు చెప్పాడు, వేళ్లు ఎలా పోయాయో కూడా చెప్పాడు. ఆ మనిషి ఒప్పుకుంటే వేస్తాం.

నల్లతెలుపు:
నచ్చలేదు. కానీ ఆ వడ్రంగి పేరు తెలుసుకోవాలని నాకూ ఉంది, ఏం చెయ్యను.

తొలిక్లిక్కు:
పాఠకుల పేజీ తీసేస్తారా? దయచేసి వద్దు. నేను ఇక్కడ పెద్దగా మాట్లాడను, ఈ ఒక్కదానికే లాగిన్ అయ్యాను. నా ఫొటో మొట్టమొదట అచ్చయింది ఆ పేజీలోనే. తపాలాబిళ్ల కంటే కాస్త పెద్దది. కింద రెండు వాక్యాల విమర్శ: ‘నేపథ్యంలోని స్తంభం తలలోంచి మొలిచినట్టుంది, ఒక అడుగు ఎడమకి జరిగి ఉంటే పోయేది.’ ఆ తర్వాత ఏ ఫొటో తీసినా తల వెనక ఏముందో చూసుకుంటున్నాను. లైకులు వందల్లో వచ్చిన ఫొటోలు ఉన్నాయి నాకు, వాటి కింద ఒక్కళ్లూ స్తంభం గురించి చెప్పలేదు.

నల్లతెలుపు:
తొలిక్లిక్కు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ పేజీ చివర్లో ఎలా తయారైందో గుర్తుందా? సూర్యాస్తమయం, కొమ్మ మీద పిట్ట, ముసలివాళ్ల ముడతలు. నెల మారినా ఆ పేజీ మారేది కాదు. ఇంత కష్టపడి కాగితం, సిరా, వరస అన్నీ చూసుకుని మధ్యలో ఆ కలగూరగంప ఎందుకు?

తొలిక్లిక్కు:
ముసలివాళ్ల ముడతలు కొలిమి పక్కన పడితే కళ, పాఠకుల పేజీలో పడితే కలగూరగంపా?

మోడరేటర్:
ఇద్దరూ కాస్త నెమ్మది.

పాతసంచికలు:
గొడవ ఫొటోలతో కాదేమో, ఎంపికతో. పన్నెండు ఫొటోలు చిన్నచిన్నగా కుక్కి ఒక్కోదానికీ ‘చక్కటి ప్రయత్నం’ అని రాస్తే అది ప్రోత్సాహం కాదు, మొహమాటం. అదే పేజీలో ఒక్క ఫొటో వేసి, దాని గురించి పేజీడు రాయించండి. తీసిన మనిషి కాంటాక్ట్ షీట్ కూడా పక్కన వేస్తే, అంటే ఆ ఫొటోకి ముందూ వెనకా తీసినవి, ఎందుకు ఇదే ఎంచుకున్నారో తెలుస్తుంది. ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకి దానికి మించిన పాఠం ఉండదు.

రిపోర్టరుబ్యాగు:
ఇది చెయ్యండి. మిగతావన్నీ వదిలేసినా ఇది చెయ్యండి.

లెన్స్‌పిచ్చి:
కాంటాక్ట్ షీట్ వేస్తే షట్టర్, ఎపర్చర్, ఐఎస్‌ఓ వివరాలు కూడా పడతాయా? ఫ్రేముకి ఫ్రేముకీ ఏం మార్చారో చూడాలి.

కూర్పరి:
పడతాయి. మీకోసం లెన్స్ పేరు కూడా.

నల్లతెలుపు:
ఒక్క ఫొటో, పేజీడు విమర్శ అయితే నాకు అభ్యంతరం లేదు. తొలిక్లిక్కు గారూ, మొదట మీరే పంపండి, స్తంభం లేనిది.

తొలిక్లిక్కు:
పంపుతాను. విమర్శ మీరు రాయకపోతేనే.

వెలుతురువేట:
పాత సంచికలన్నీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెడతారా? పెడితే మొదటి చందాదారుణ్ని నేనే.

పాతసంచికలు:
పెట్టాలనే నా కోరిక కూడా, కానీ హక్కుల చిక్కు ఉంది. అప్పట్లో ఫొటోగ్రాఫర్లు ఇచ్చింది అచ్చులో ఒకసారి వేసుకోవడానికే. అమెరికాలో ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వ్యాసాల్ని విడదీసి ఎలక్ట్రానిక్ డేటాబేసులో పెట్టడానికి ఫ్రీలాన్సర్ల అనుమతి విడిగా కావాలని 2001లో టాసినీ కేసులో తేల్చారు. నేషనల్ జియోగ్రాఫిక్ మాత్రం పాత సంచికల్ని పేజీలు ఎలా ఉన్నవి అలాగే సీడీల్లో పెట్టింది. అది తప్పు కాదని 2008లో అక్కడి అప్పీలు కోర్టు అంది. పేజీని పేజీగా చూపడం ఒకటి, అందులోంచి ఫొటోని ఊడబీకి విడిగా పెట్టడం ఇంకోటి. ఏ చట్టం ఏం చెప్పినా ముందు ఫొటోగ్రాఫర్లకి ఉత్తరం రాయడం మర్యాద.

కూర్పరి:
రాస్తున్నాం. కొందరు లేరు, వాళ్ల కుటుంబాల్ని వెతకాలి. నిదానంగా జరిగే పని.

అచ్చుగది:
అసలు విషయం ఒకటి మిగిలింది. 12, 13లో ఆ కొలిమి ఫొటో రెండు పేజీల మీదా ఉంది. బైండింగ్ ఏంటి?

కూర్పరి:
పర్ఫెక్ట్ బైండింగ్ అనుకున్నాం.

అచ్చుగది:
అయితే కమ్మరి ముక్కు గోవిందా. పర్ఫెక్ట్ బైండింగ్‌లో ఫారాల వీపు గీకేసి జిగురు పెడతారు, పేజీ పూర్తిగా తెరుచుకోదు. రెండు వైపులా కొన్ని మిల్లీమీటర్లు జిగురు లోయలోకి పోతాయి. ఫొటోని రెండు ముక్కలు చేసి కాస్త ఎడంగా జరిపి ఆ నష్టం కప్పిపుచ్చొచ్చు, కానీ ముఖం సరిగ్గా మధ్యలో ఉంటే ఏ జరపడమూ కాపాడదు.

కుట్టు బైండింగ్‌కి వెళ్లండి. పదహారు పేజీల ఫారాన్ని మడిచి మధ్యలో దారంతో కుడితే, ఆ ఫారంలో 8, 9 పేజీలు ఒకే కాగితపు ముక్క. ఫొటో తెగదు. రెండో ఫారానికైతే అవి 24, 25 అవుతాయి. రెండు పేజీల ఫొటోల్ని అక్కడ పెట్టుకోండి. మిగతా చోట్ల పెట్టినా కుట్టు బైండింగ్ బాగా తెరుచుకుంటుంది కాబట్టి నష్టం తక్కువ, కానీ రెండు వేర్వేరు షీట్లు కాబట్టి రంగు, అంచు కచ్చితంగా కలవాలని మిషన్ దగ్గర నిలబడి చూసుకోవాలి.

నల్లతెలుపు:
కొలిమి 24కి పోతే, దాని వెనకాల ఖాళీ పేజీ, ఊలు ఫొటో కూడా వెళ్లాలి. విడదీయొద్దు.

కూర్పరి:
మూడూ కలిపే జరుపుతాను. మగ్గాన్ని కూడా ఆర్ట్ పేపర్ ఫారంలోకే తెస్తాను, అచ్చుగది గారి పూచీ కూడా తీరిపోతుంది. కుట్టు బైండింగ్‌కి సంపాదకుణ్ని ఒప్పించడం నా తలనొప్పి.

వచ్చే వారం మిషన్ మీదే ప్రూఫ్ తీయిస్తున్నాం, ఒకే ఫొటోలు రెండు కాగితాల మీదా. నలుపు-తెలుపు ఫారం డ్యుయోటోన్‌లో. ఖాళీ కాగితాలతో డమ్మీ కూడా కట్టిస్తాను, చేతిలో బరువెంతో, ఎలా తెరుచుకుంటుందో చూడ్డానికి. ఫొటోలు తీసి ఇక్కడ పెడతాను.

అచ్చుగది:
డమ్మీ కట్టేటప్పుడు కాగితం గ్రెయిన్ (లోపలి నారల వరస) ఏ దిశలో ఉందో చూశారా? వీపుకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పేజీలు తిరగబడవు, నిక్కబొడుచుకుని నిలబడతాయి, తేమ తగిలితే వీపు దగ్గర అలల్లా ముడుచుకుంటాయి. 230 × 300 సైజుకి మీరనుకున్న షీటులో ఫారం వేస్తే గ్రెయిన్ అడ్డం పడుతుందేమోనని నా అనుమానం.

కూర్పరి:
రెండు కాగితాలకీనా, ఆర్ట్ పేపర్‌కేనా?

అచ్చుగది:
రెండింటికీ. ప్లేట్లు వేయకముందే షీటు సైజు కనుక్కుని ఇక్కడ రాయండి, లెక్క వేసి చెప్తాను.